తిరుగు వేళ గదిలోనే తేల్చుకో

నాయనా, నువ్వు గాలం కర్ర కొన్నావని తెలిసింది. తప్పు చేశావని అనడానికి రాలేదు, ముందే చెప్తున్నా. గురువారం సాయంత్రం డ్యూటీ దిగి, స్నానం చేసి, సౌదీలో రహీమా ఊళ్ళోని నీ గదిలోంచి బయటపడి, నలుగురు కుర్రాళ్ళు కలిసి సముద్రం ఒడ్డుకు పోయి రాత్రిపూట స్క్విడ్ పట్టుకుంటే అందులో తప్పేముంది? ఫోన్లో పేకాటకి తగలేసే డబ్బు ముందు ఈ గాలం ఖర్చెంత? ఆ ఊళ్ళో చాలాకాలం పనిచేసినవాణ్ణి, ఆ ఒడ్డున కూర్చున్నవాణ్ణి, ఆ సరదా ఏమిటో నాకు తెలుసు. నా దిగులల్లా ఒక్కటే. బయలుదేరేటప్పుడు ఎన్నింటికి తిరిగొస్తావో నువ్వు ఎవరికీ చెప్పవు. నీకు నువ్వు కూడా చెప్పుకోవు. అక్కడికి వెళ్ళాక చూద్దాంలే అనుకుంటావు. అదే వద్దంటున్నా. తిరుగు వేళ గదిలోనే తేల్చుకో, చెప్పులు వేసుకోకముందే తేల్చుకో.

ఒడ్డుకి వెళ్ళాక తేల్చుకుంటానంటే అది తేలదు. ఏమీ పడకపోతే, ఇంకొక్కసారి వేసి చూద్దాం అంటావు. పడితే, ఇప్పుడే కదా మొదలైంది, ఇంకొక్కసారి అంటావు. పక్కవాడికి పడితే అసలే ఆగలేవు. అలా పదకొండు కాస్తా రెండవుతుంది, రెండు కాస్తా ఫజర్ నమాజు వేళవుతుంది. నువ్వు చెడ్డవాడివని కాదు. మంచివాడివే, తొందర ఎక్కువ. ఆ వయసులో అందరికీ ఉండేదే. అందుకే ఆ నిర్ణయం గాలం చేతిలో ఉండగా చెయ్యొద్దంటున్నా.

అసలు నువ్వెందుకు వెళ్తున్నావో నాకు తెలీకేం. స్క్విడ్డే కావాలంటే కతీఫ్ చేపల మార్కెట్ ఎంతో దూరం లేదు, పొద్దున్నే పోతే కావలసినంత కొనుక్కోవచ్చు. నువ్వు వెళ్ళేది కూర కోసం కాదు. వారమంతా హెల్మెట్టు, బూట్లు, పర్మిట్లు, ఫోర్‌మన్ కేకలు. గదికొస్తే రెండంతస్తుల మంచాలు, ఒకడి గురక, ఒకడి ఫోన్ మోత. సముద్రం దగ్గర ఎవరూ నిన్నేమీ అడగరు. ఆ కాసేపూ మనసు కుదుటపడుతుంది. అది నీకు అవసరమే. అవసరమైంది కాబట్టే జాగ్రత్తగా వాడుకోమంటున్నా. ఒక్క రాత్రి ఏదైనా జరిగిందంటే ఆ సరదా నీకే కాదు, ఆ క్యాంపులో ఉన్న మనవాళ్ళందరికీ పోతుంది.

నువ్వున్న చోటు ఎలాంటిదో కూడా కాస్త తెలుసుకో. అరేబియా నేల గల్ఫ్‌లోకి సన్నగా పొడుచుకొచ్చిన చోటు రాస్ తనూరా. 1939 మే 1న అబ్దుల్ అజీజ్ రాజు అక్కడే తన చేత్తో వాల్వు తిప్పితే, డి.జి. స్కోఫీల్డ్ అనే ట్యాంకరులోకి సౌదీ ముడి చమురు మొదటిసారి ఎక్కింది. 1945లో రిఫైనరీ నడవడం మొదలైంది. ఇవాళ రోజుకు 5,50,000 బారెళ్ళు శుద్ధి చేయగల రిఫైనరీ అది. మీ ఇంటి స్లాబు, చెల్లెలి ఫీజు, నాన్నగారి మందులు అన్నీ ఆ పైపుల చలవే. ఆ పైపులు వెళ్ళి ఆగేది సముద్రంలో ఉన్న పైర్ల దగ్గర.

రాత్రి పూట ఆ పైర్లూ, సముద్రం మధ్యలో ఓడల కోసం కట్టిన సీ ఐలాండ్లూ దూరం నుంచి దీపాలతో వెలుగుతుంటాయి. నీళ్ళ మీద దీపం ఉన్నచోట సన్నచేపలు మూగుతాయి, సన్నచేపల వెనకే స్క్విడ్ వస్తుంది. అది నీకు తెలుసు, అందుకే ఆ దీపాల వైపు చూస్తే మనసు లాగుతుంది. వీడియోల్లో జపాన్‌లోనో ఆస్ట్రేలియాలోనో ఊరివాళ్ళు పైరు మీద వరసగా నిలబడి స్క్విడ్ లాగుతుంటారు. అక్కడ కొన్ని పైర్లు ఊరి జనం కోసమే ఉంటాయి. నువ్వున్న ఊళ్ళో పైరు అంటే ఓడకి చమురు ఎక్కించే చోటు. దాని చుట్టూ నీళ్ళు కూడా దానివే. అటువైపు గాలం వెయ్యడం మాట అటుంచి, అటు నడవడం కూడా వద్దు. కంచె పక్కనుంచి ఇసుకలో దారి ఉందనీ, ఫలానావాడు వెళ్ళొచ్చాడనీ ఎవరైనా చెప్తే ఆ మాట అక్కడే వదిలెయ్.

2021 మార్చి 7న సముద్రం వైపు నుంచి వచ్చిన డ్రోన్ ఒకటి ఆ రేవులోని చమురు ట్యాంకుల ఆవరణ మీద పడింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, కాపలా ఉన్నవాడి కంటికి చీకట్లో కదిలే టార్చిలైటు ఎలా కనబడుతుందో ఆలోచించు. నువ్వు తలకి లైటు కట్టుకుని, చేతిలో పొడుగాటి కర్ర పట్టుకుని, నిషేధం ఉన్న వైపు నడుస్తున్నావు. నీ మనసులో కల్మషం లేదని వాడికెలా తెలుస్తుంది? బోర్డు మీద అరబ్బీలో మమ్నూ, అంటే నిషేధం, అని ఉంటే వెనక్కి తిరిగిపో, పక్కన బొమ్మ ఉన్నా లేకపోయినా. ఫోన్ ఎత్తి ఆ దీపాల వైపు ఫోటోలు తియ్యకు, నువ్వు పట్టిన స్క్విడ్‌తో దిగే ఫోటో వెనకాల కూడా అవి రానివ్వకు. ఇకామా కార్డు జేబులో లేకుండా గడప దాటకు. సముద్రతీరం చూసుకునేది హరస్ అల్ హుదూద్, అంటే బోర్డర్ గార్డు. ఎక్కడ గాలం వెయ్యొచ్చో, దేనికి అనుమతి కావాలో వాళ్ళనే అడుగు. పగటిపూట వెళ్ళి, సలాం చెప్పి, మర్యాదగా అడిగితే చెప్తారు. వాళ్ళు ఒకచోట వద్దంటే, నిన్న రానిచ్చారు కదా అని వాదన పెట్టుకోకు. "జైన్, షుక్రన్" అని సామాను సర్దుకో.

గీత దాటితే ఏమవుతుందో మన శ్రీకాకుళం వాళ్ళని అడిగితే చెప్తారు. గుజరాత్‌లోని వేరావల్ నుంచి బోట్ల మీద వేటకు వెళ్ళిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్ళకి చిక్కారు. సముద్రం మీద గీత కనబడదు. వాళ్ళేమైనా కావాలని వెళ్ళారా? పొట్టకూటికి వెళ్ళినవాళ్ళు. కరాచీ జైల్లో ఏడాదికి పైగా ఉండి, 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. వాళ్ళ కథతోనే తీసిన తండేల్ సినిమా చూసి నువ్వు ఈల వేసి ఉంటావు. ఆ ఏడాదిలో ఆ ఇళ్ళల్లో వంట ఎలా నడిచిందో, అప్పు ఎవరిచ్చారో, పురుడు ఎవరు పోశారో సినిమాలో ఎంతని చూపిస్తారు? వాళ్ళకి కనబడని గీత. నీకు కంచె కట్టి, బోర్డు పెట్టి, లైటు వేసి మరీ చూపిస్తున్నారు. ఇంక నీకు చెప్పుకోడానికేం ఉంటుంది?

సరే, భయపెట్టింది చాలు. కోర్నిష్ ఒడ్డున జనం కూర్చునే చోటుంది, నలుగురూ గాలం వేసే చోట్లున్నాయి. అక్కడే కూర్చో. అక్కడ కూర్చుని స్క్విడ్ పట్టడం నేర్చుకో. తొందర మనిషికి ఆ విద్య ఎలాగూ పట్టుబడదు, అందుకే నాకు ఆ వేట అంటే ఇష్టం.

మలయాళీలు కూంతల్ అంటారు దాన్ని. అక్కడి అరబ్బు జాలర్లు ఖథాక్ అనేది దాని అన్నలాంటి కటిల్‌ఫిష్‌ని, లోపల తెల్లటి బిళ్ళ ఉండేదాన్ని. చలి నెలల్లో గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరికొస్తుంది. రెండూ అదే గాలానికి పడతాయి. ఆ గాలాన్ని ఎగీ అంటారు, జపాన్ వాళ్ళ పనితనం. రొయ్య ఆకారం, తోక దగ్గర పైకి తిరిగిన సూదులు రెండు వరసలు. మన గాలపు ముల్లుకి ఉండే ఎదురుకొక్కెం వాటికి ఉండదు. ఈ ఒక్క సంగతీ గుర్తుంటే సగం విద్య వచ్చినట్టే. ఎదురుకొక్కెం లేదు కాబట్టి దారం ఒక్క క్షణం వదులైతే స్క్విడ్ జారిపోతుంది. గట్టిగా గుంజితే పొడుగాటి చేతులు రెండూ తెగి ఎగీకే ఉండిపోతాయి, అది పోతుంది. పోయి బతుకుతుందో లేదో కూడా చెప్పలేం. కాబట్టి గుంజకు. రీలు డ్రాగ్ వదులుగా పెట్టుకో. అది పారిపోబోతే దారం ఇవ్వు, ఆగితే నిదానంగా చుట్టు. ఒకే వేగంతో చుట్టు.

ఇంకా ముందు సంగతి చెప్పలేదు కదూ. ఎగీ విసిరాక అడుగుకి దిగనియ్యి. నువ్వు దిగనివ్వవు. నీళ్ళల్లో పడీపడగానే చుట్టడం మొదలెడతావు, నీ వయసు కుర్రాళ్ళందరూ అంతే. దారం ఊగిసలాట ఆగేదాకా ఉండు. తర్వాత కర్ర రెండుసార్లు విసురుగా పైకెత్తి ఆపు. మళ్ళీ దిగనియ్యి. స్క్విడ్ పట్టుకునేది నువ్వు ఎత్తినప్పుడు కాదు, ఎగీ దిగుతున్నప్పుడు. పైకెగిరిన రొయ్య అలిసి కిందికి జారుతోందని అది అనుకునే ఆ కాసేపట్లోనే. వెంటనే మీద పడదు కూడా. సంతలో వంకాయ నొక్కి చూసే పెద్దమ్మలా ముందు ఒక చెయ్యి చాపి తడిమి చూస్తుంది, వెనక్కి జరుగుతుంది, మళ్ళీ వస్తుంది. అప్పుడు నువ్వు కదిలావా, బేరం పోయింది. ఊరుకుంటే కర్ర కొన బరువెక్కుతుంది. అప్పుడు చుట్టు.

వెలుగున్న చోట నడిమధ్యన వెయ్యకు. స్క్విడ్ వెలుగులో ఉండదు, వెలుగూ చీకటీ కలిసే అంచున, చీకటి వైపు నిలబడి సన్నచేపల్ని చూస్తుంటుంది. చీకట్లోకి విసిరి అంచు వెంబడి తెచ్చుకో. నీ తలలైటు నీళ్ళ మీద అటూ ఇటూ తిప్పావంటే నీకూ పడదు, పక్కవాడికీ పడదు. ముడి వేసుకోవాల్సి వస్తే సముద్రానికి వీపు తిప్పి వేసుకో.

ఇంకో మాట, డబ్బు సంగతి. దుకాణంలో గులాబీ, ఆకుపచ్చ, నారింజ ఎగీలు వరసగా వేలాడుతుంటాయి. ఒక్కోటీ కొంటూ పోతే నెల జీతంలో ఎంత పోయిందో తెలీదు. చాలా జాతుల స్క్విడ్‌లకీ కటిల్‌ఫిష్‌లకీ అసలు రంగులు కనిపించవని శాస్త్రజ్ఞులు చెప్తున్నారు. వాటి కంట్లో రంగు పసిగట్టే సరంజామా ఒక్కటే రకం ఉంటుంది. ఒంటి మీద క్షణానికో రంగు మార్చుకునే జీవికి రంగు కనబడకపోవడం వింతే, కానీ నిజం. మూడు గుండెలూ నీలి నెత్తురూ ఉన్న జీవి కదా, దాని లెక్కలు దానివి. అది చూసేది వెలుగు నీడల తేడా, కదలిక. కాబట్టి ఒకటి లేత రంగుది, ఒకటి ముదురుది, రెండున్నరో మూడో సైజు, చాలు. ఆ రంగులన్నీ కొనేవాడి కోసం. మిగిలింది ఇంటికి పంపు.

ఇప్పుడు నీళ్ళ సంగతి. నీది కోనసీమ అయితే కాలవలో ఈదినవాడివి, కరీంనగర్ అయితే చెరువులో ఈదినవాడివి, కడప అయితే అదీ లేదేమో. ఎవరివైనా సరే, రాత్రి సముద్రం ముందు అందరూ ఒకటే. గల్ఫ్ లోతు సగటున 35 మీటర్ల దాకే, ప్రశాంతంగా కనబడుతుంది, మన బంగాళాఖాతం కెరటాలు దానికి లేవు. అందుకే కుర్రాళ్ళు దాన్ని చులకనగా చూస్తారు. ఉత్తర పడమర నుంచి షమాల్ గాలి లేచిందంటే అదే నీళ్ళు రాళ్ళని ఎడాపెడా కొడతాయి. ఫోన్లో గాలి వేగం చూడకుండా వెళ్ళకు. పోటు ఎన్నింటికో, ఆటు ఎన్నింటికో కూడా అందులోనే ఉంటుంది, చూసుకో. కిందుగా తరూత్ అఖాతం వైపు నేల చదును. ఆటుకి నీళ్ళు చాలా దూరం వెనక్కి పోతాయి. మోకాలి లోతే కదా అని నడుచుకుంటూ లోపలికి పోతావు. పోటు మొదలైతే వెనక ఉన్న పల్లం ముందు నిండుతుంది, నీకూ ఒడ్డుకీ మధ్య నీళ్ళు పరుచుకుంటాయి. చీకట్లో ఒడ్డు ఏ వైపో తెలీదు. తిరుగు వేళ ముందే తేల్చుకోమని నేను సాగదీసి చెప్తున్నది ఇందుకు కూడా. పోటు తిరిగే సమయం చూసుకుని, దానికి బాగా ముందే బయటికి రావాలి. నీ ఇష్టంతో దానికి పనిలేదు.

నీళ్ళల్లో దిగకుండా పట్టడమే మేలు. దిగాల్సివస్తే గట్టి అడుగున్న బూట్లు వేసుకో, పాదం ఎత్తి వెయ్యకు, ఇసుకలో రాసుకుంటూ జరుపు. టేకు చేపలు ఇసుకలో దాక్కుంటాయి, ఆ అలికిడికి తప్పుకుపోతాయి. తొక్కావో, తోక ముల్లు దించుతుంది. రాళ్ళల్లో రాయిచేప ఉంటుంది, రాయికీ దానికీ తేడా పగలే కనబడదు. సముద్రపు పాములు కూడా ఆ నీళ్ళల్లో ఉన్నాయి. ముల్లు గుచ్చుకుంటే కాలు ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళల్లో పెట్టి, తిన్నగా ఆసుపత్రికి పో. గదికి పోయి పసుపు అద్దుకుని పడుకోవడం వద్దు. ఒడ్డున పేర్చిన బండరాళ్ళ మీద నాచు పట్టి ఉంటుంది, నీళ్ళకి ఆనుకున్న ఆఖరి రాయి మీద నిలబడకు. లైఫ్ జాకెట్టు వేసుకుంటే నవ్వుతారని నీ అనుమానం. నవ్వనీ. సముద్రంలో ఆపదొస్తే మీ తూర్పు ప్రాంతంలో చెయ్యాల్సిన నంబరు 911, ఇప్పుడే ఫోన్లో వేసుకో. ఒంటరిగా మాత్రం వెళ్ళకు. తోడు దొరకని రాత్రి గదిలోనే ఉండు. ఇంకో గురువారం రాకపోదు.

ఇక ఇంటి సంగతి. నీకు రాత్రి పదకొండు అయితే ఇక్కడ ఒంటిగంటన్నర. నీ భార్యో, అమ్మో నువ్వు ఆన్‌లైన్‌లో ఎప్పుడు కనబడ్డావో చూసుకుంటూ పడుకుంటారు. మధ్యలో మెలకువ వస్తే మళ్ళీ చూస్తారు. నీకు చెప్పరు. "పని చేసి అలిసిపోయినవాణ్ణి విసిగించడం ఎందుకు" అనుకుంటారు. నువ్వు ఫోన్ తడుస్తుందని సంచిలో పెట్టి మర్చిపోతావు. ఒక్క ముక్క, "వేటకెళ్తున్నాం, పన్నెండుకి గదికొస్తాం" అని పెట్టి వెళ్ళు. వచ్చాక "వచ్చేశాం" అని పెట్టు. గదిలో ఉండిపోయినవాడికి కూడా అదే వేళ చెప్పు, ఆ వేళకి రాకపోతే ఫోన్ చెయ్యమను, ఎత్తకపోతే నలుగురినీ లేపమను. తిరుగు వేళ చెప్పి వెళ్ళినవాణ్ణి వెతుకుతారు. చెప్పనివాడు ఎక్కడో కబుర్లలో పడి ఉంటాడులే అనుకుని పడుకుంటారు, తెల్లారేదాకా.

కటువుగా ఉన్నా ఇది కూడా చెప్పాలి. పరాయి దేశంలో మనిషి పోతే ఇంటికి చేరడం మాటలు కాదు. పోలీసు కాగితం, ఆసుపత్రి కాగితం, ఎంబసీ కాగితం, కంపెనీ సంతకం, విమానం సరుకుల కౌంటరు. వారాల తరబడి ఫోన్ల ముందు కూర్చున్న ఇళ్ళు మన జిల్లాల్లో ఉన్నాయి, నువ్వూ చూసి ఉంటావు. చూసిందే గుర్తు చేస్తున్నా, శాపం పెట్టడంలేదు.

నిద్ర సంగతి మరీ ముఖ్యం. గురువారం రాత్రి మేలుకుంటే శుక్రవారం పడుకోవచ్చులే అంటావు, బాగానే ఉంది. కానీ షట్‌డౌన్ పనుల రోజుల్లో శుక్రవారం కూడా పిలుస్తారు. రాత్రంతా ఒడ్డున ఉండి పొద్దున పరంజా ఎక్కితే, బెల్టు కొక్కెం తగిలించావో లేదో కూడా నీకు గుర్తుండదు. జుబైల్ నుంచో దమ్మామ్ నుంచో కారులో వచ్చేవాళ్ళకైతే ఇంకా గట్టిగా చెప్తున్నా. వచ్చేటప్పుడు నలుగురూ పాటలు పాడుకుంటూ వస్తారు, వెళ్ళేటప్పుడు ముగ్గురు పడుకుంటారు, స్టీరింగు పట్టుకున్నవాడు ఒక్కడే మేలుకోవాలి. ఆ రోడ్ల మీద ఒంటెలు అడ్డం వస్తాయి. నడిపేవాడు ఆ రాత్రి గాలం ముట్టుకోకుండా కారులో ఓ కునుకు తీస్తే ఏం పోయింది? వాడి వాటా వాడికివ్వండి.

ఒడ్డున కూర్చునేది మనమొక్కళ్ళమే కాదు. ఆ ఊరి వాళ్ళు పిల్లాపాపలతో చాపలేసుకుని కూర్చుంటారు. వాళ్ళకి దూరంగా కూర్చో, వాళ్ళ వైపు లైటు పడనివ్వకు, అజాన్ వినబడితే పాట ఆపు. ఎవరైనా పెద్దాయన గహ్వా కప్పు అందిస్తే కుడిచేత్తో తీసుకో. స్క్విడ్‌ని నీళ్ళల్లోంచి ఎత్తేముందు ఉపరితలం మీదే కాసేపు ఆపు, సిరా అంతా అక్కడే చిమ్ముకోనీ. దాని గొట్టం మనుషుల వైపు లేకుండా వలతో ఎత్తు. అయినా రాళ్ళ మీద నల్లగా పడుతుంది. బకెట్టుకి తాడు కట్టి తీసుకెళ్ళు, తడి ఆరకముందే కడిగెయ్యి. ఎండిపోతే పోదు. మర్నాడు సాయంత్రం అక్కడే ఎవరో తెల్లటి తోబ్ వేసుకుని కూర్చుంటారు. తెగిన దారం, విరిగిన సూదులు డబ్బాలో వేసి వెనక్కి తెచ్చుకో. ఒట్టికాళ్ళతో ఆడే పిల్లలున్న చోటు అది. చాలా చోట్ల గాలం వేటకి అడ్డుకట్ట పడేది ఈ మరకలూ, ఈ చెత్తా చూసే.

ఎన్ని పట్టాలో కూడా గదిలోనే లెక్క వేసుకో, తిరుగు వేళతో పాటు. మీ మెస్సులో ఎంతమంది తింటారు? ఆ పూటకి సరిపడా పడితే కర్ర మడిచెయ్. ఫ్రిజ్‌లో కుక్కి నెలంతా తినాల్సిన పనిలేదు. స్క్విడ్ ఏడాదో అటూ ఇటో బతికే జీవి, ఆ కాస్త ఆయుష్షులోనే పుట్టి పెరిగి గుడ్లు పెట్టి పోతుంది. అప్పుడు పెట్టే గుడ్లే దాని వంశం. నాచుకో, తాడుకో, వదిలేసిన వల ముక్కకో తెల్లటి వేళ్ళంత గుత్తులు వేలాడుతూ కనబడితే అవి గుడ్లు. పీకి చూడకు, ఫోటో కోసం ఒడ్డుకి లాగకు. అరచేతిలో ఇమిడిపోయే పిల్లది పడితే నీళ్ళల్లోకి వదిలెయ్యి, తడి చేత్తోనే పట్టుకో. అర్జెంటీనా అవతలి సముద్రంలో స్క్విడ్ కోసం ఓడలు వేసే దీపాలు ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలకి కూడా కనబడతాయట, అంత వెలుగు పెట్టి తోడుతున్నారు. వాళ్ళని మనం ఆపలేం. నీ బకెట్టు నీ చేతిలో ఉంది. సౌదీ వాళ్ళే తమ గల్ఫ్‌లో రొయ్యల వేటని ఫిబ్రవరి నుంచి జూలై ఆఖరు దాకా ఆపి, ఆగస్టు 1న మళ్ళీ మొదలెడతారు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలు ఒడ్డునే ఉంటాయి. వేటే బతుకైనవాళ్ళు ఆగుతున్నారు, సరదాకి పట్టే మనం ఆగలేమా?

గదికొచ్చాక, ఎంత నిద్రొచ్చినా, శుభ్రం చేసి పడుకో. తల పట్టుకుని లాగితే పేగులతో సహా వచ్చేస్తుంది, సిరా తిత్తి చితకనివ్వకు. లోపల పారదర్శకంగా ఈకలాంటి పుల్ల ఉంటుంది, అది తీసెయ్. పైతోలు గోటితో ఒలిస్తే వచ్చేస్తుంది. చేతుల మధ్యన ఉన్న గట్టి ముక్కు కోసి పారెయ్. చక్రాలుగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి ఫ్రిజ్‌లో పెట్టు. పొద్దున్న ఉల్లిపాయా అల్లం వెల్లుల్లీ మగ్గాక, మిరియం కారం వేసి, మంట పెద్దది చేసి, ముక్కలు వేసి రెండు మూడు నిమిషాల్లో దించెయ్. అంతకు మించావా, రబ్బరైపోతుంది. అలా అయితే ఇంక దించకు, చింతపండు పులుసు పోసి ముప్పావుగంట సన్నమంట మీద వదిలెయ్, మళ్ళీ మెత్తబడుతుంది. మొదటి పళ్ళెం మాత్రం రాత్రి గదిలో ఉండిపోయినవాడికి పెట్టు, గడియారం చూసుకుంటూ మేలుకున్నది వాడే. రీలు మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి లోపల పెట్టు. గల్ఫ్ నీళ్ళల్లో ఉప్పు మన బంగాళాఖాతంలో కన్నా బాగా ఎక్కువ, అశ్రద్ధ చేస్తే బేరింగులు పట్టేస్తాయి. అంత డబ్బు పోసి కొన్నావు కదా.